పని మనది, లెక్క ఆయనది



1853వ సంవత్సరం. అమెరికాలో ఆల్బనీ అనే పట్టణం. బాప్టిస్టు మిషనువారి వార్షిక సభ జరుగుతోంది. సభ ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. అది మన నెల్లూరు గురించి. నెల్లూరులో మొదలుపెట్టిన పనిని ఇంకా సాగించాలా, ఇక మూసేయాలా?

ఆ ప్రశ్న అడిగినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. కానుకలు పోగుచేసి పంపినవాళ్లే, ప్రార్థన చేసినవాళ్లే. కానీ వాళ్ల చేతిలో లెక్క ఉంది. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో విశాఖపట్నం వచ్చారు. 1840లో నెల్లూరు చేరారు. కష్టపడి తెలుగు నేర్చుకున్నారు. వీధుల్లో నిలబడి సువార్త చెప్పారు. పదిహేడేళ్లు గడిచాయి. సంఘంలో చేరినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే బర్మాలోనైతే వేలమంది చేరుతున్నారు. మిషనువారి పటంలో బర్మా వైపు ఎన్నో నక్షత్రాల గుర్తులు. సముద్రానికి ఇవతల, తెలుగు నేల మీద ఒక్కటే నక్షత్రం. అందుకే మన నెల్లూరు పనికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పడింది.

ఆ సభలో శామ్యూల్ స్మిత్ అనే కవి ఉన్నారు. ఆ ఒంటరి నక్షత్రం మీదే ఆయన ఒక గీతం రాశారు. అది విన్నవాళ్ల మనసు కరిగిందనీ, పని మూసేయాలన్న ఆలోచన అప్పటికి ఆగిపోయిందనీ చెబుతారు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఆ సభలో మనమే కూర్చుని ఉంటే ఏమనేవాళ్లం? పదిహేడేళ్ల ఖర్చు ఒకవైపు. గుప్పెడు మంది మనుషులు ఒకవైపు. మూసేయండి అనేవాళ్లమా, ఉంచండి అనేవాళ్లమా?

ఈ ప్రశ్న మిషనువారితో పోలేదు. మన ఇళ్లలో రోజూ వినిపిస్తూనే ఉంది. ఇంత చదివించాం, ర్యాంకు ఏది? ఇన్నేళ్లు ఉద్యోగం చేశావు, ఇల్లేది? ఇంత సేవ చేశారు, సంఘం పెరిగిందా? అడిగేవాళ్లు మనవాళ్లే. ప్రేమ ఉన్నవాళ్లే. కానీ వాళ్ల చేతిలోనూ లెక్కే ఉంది.

విజయం అంటే ఏమిటి? క్రీస్తును నమ్మినవాడు దాన్ని దేనితో కొలవాలి? ఈ రోజు మీతో ఈ సంగతే మాట్లాడాలనుకుంటున్నాను. క్రైస్తవులు కాని శ్రోతలు కూడా వింటున్నారని నాకు తెలుసు. ఈ లెక్కల బరువు అందరి భుజాల మీదా ఉన్నదే కాబట్టి, మీరూ నాతో రండి.

నెల్లూరులో లైమన్ జ్యూయెట్ అనే మరో మిషనరీ ఉన్నారు. ఆయన 1849లో వచ్చారు. డే దొర ఆరోగ్యం చెడి 1853లో అమెరికా వెళ్లిపోవలసి వచ్చింది. జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు మిగిలారు. ఆ ఏడాది చివర వాళ్లు ఒంగోలు వచ్చారు. 1854 జనవరి ఒకటో తేదీ. ఇంకా తెల్లవారలేదు. ఐదుగురు మనుషులు ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కారు. జ్యూయెట్ దంపతులు, నరసు అనే సహోదరుడు, రూతు, జూలియా అనే ఇద్దరు స్త్రీలు. చలిలో పాట పాడారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వెలుగు వచ్చాక జ్యూయెట్ దొర కిందికి చూపించారు. అక్కడ నాగజెముడు పొదలు కమ్ముకున్న ఒక స్థలం ఉంది. మన మిషను బంగళాకు ఆ చోటైతే బాగుంటుంది కదూ అని జూలియాను అడిగారు.

చేతిలో డబ్బు లేదు. వెనక సంఘం లేదు. ముందు నాగజెముడు పొదలు. అయినా బంగళాకు చోటు చూసుకుంటున్నారు.

మర్నాడు ఏమైంది? ఏమీ కాలేదు. మరుసటి ఏడాది? ఏమీ కాలేదు. ఒంగోలుకు సేవకుడు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈ మధ్యలో జ్యూయెట్ దొర ఆరోగ్యం దెబ్బతింది. 1862లో స్వదేశం వెళ్లారు. అక్కడ మళ్లీ పాత ప్రశ్నే: ఇక చాలిద్దామా? ఆయన ఒప్పుకోలేదు. మీరు పంపినా, పంపకపోయినా నేను తిరిగి వెళతాను, అక్కడే చచ్చిపోతాను అన్నారట. చివరికి ఆయన వెంట ఒక యువకుణ్ణి పంపించారు. ఆయనే జాన్ క్లౌ. ఒంగోలువాళ్లకు క్లౌ దొర. 1866లో ఆయన ఒంగోలులో కాపురం పెట్టారు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు.

నా ప్రశ్న ఇది. ఆ పన్నెండేళ్లలో, పొదలే తప్ప బంగళా లేని ఆ పన్నెండేళ్లలో, జ్యూయెట్ దొర ఓడిపోయిన మనిషా?

జవాబు కోసం యేసు ప్రభువు చెప్పిన ఒక ఉపమానం దగ్గరికి వెళదాం. తలాంతుల ఉపమానం మీలో చాలామందికి తెలుసు. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో ఉంది. యజమాని దూరదేశం వెళుతూ దాసులను పిలిచి తన ఆస్తి అప్పగించాడు. ఒకడికి ఐదు తలాంతుల సొమ్ము, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. చాలాకాలం తర్వాత తిరిగి వచ్చి లెక్క చూశాడు. ఐదు తీసుకున్నవాడు మరో ఐదు తెచ్చాడు. రెండు తీసుకున్నవాడు మరో రెండు తెచ్చాడు.

ఇక్కడ కాస్త ఆగండి. ఇంటికి వెళ్లాక బైబిలు తీసి మీరే చూడండి. ఐదు తెచ్చినవాణ్ణి యజమాని ఏమని మెచ్చుకున్నాడో, రెండు తెచ్చినవాణ్ణీ అదే మాటలతో మెచ్చుకున్నాడు. ఒక్క అక్షరం తేడా లేదు. మనమైతే ఏం చేస్తాం? ఐదు తెచ్చినవాడికి శాలువా కప్పుతాం. రెండు తెచ్చినవాడికి, పర్వాలేదులే, వచ్చేసారి ఇంకా బాగా చెయ్యి అంటాం. ప్రభువు అలా అనలేదు. ఎంత తెచ్చావన్నది ఆయన మెప్పును పెంచలేదు, తగ్గించలేదు. అప్పగించినదానిలో నమ్మకంగా ఉన్నావా? ఆయన చూసింది అది.

ఎవరికెంత ఇవ్వాలో నిర్ణయించింది యజమాని. చివర లెక్క చూసింది యజమాని. నడుమ దాసుడి చేతిలో ఉన్నది పని ఒక్కటే. అందుకే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పని మనది, లెక్క ఆయనది.

అయితే మూడోవాణ్ణి మరిచిపోకూడదు. వాడు తలాంతును భూమిలో పాతిపెట్టాడు. ఓడిపోతానేమోనని భయపడి అసలు పనే మొదలుపెట్టలేదు. కాబట్టి ఈ బోధ బద్ధకానికి చాటు కాదు. చదవాల్సిన పిల్లవాడు చదవాలి. దుకాణం నడిపేవాడు తూకం సరిగ్గా వేసి, కష్టపడి నడపాలి. డబ్బు సంపాదించడం పాపమని నేను అనడం లేదు. ర్యాంకు రావడం తప్పని అనడం లేదు. వస్తే దేవునికి స్తోత్రం. కానీ నువ్వు ఎవరివో, నీ విలువ ఎంతో చెప్పే అధికారం ఆ ర్యాంకుకు లేదు. రానప్పుడు నువ్వు పనికిరానివాడివని చెప్పే అధికారం అసలే లేదు.

ఇప్పుడు మళ్లీ ఒంగోలు వెళదాం. క్లౌ దొర జీవితంలో రెండు సంగతులు నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తాయి. రెండుసార్లూ విజయం ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రెండుసార్లూ ఆయన తలుపు తీయలేదు.

మొదటిది. ఆయన వచ్చిన కొత్తలో ఊరిలోని పైకులాల పెద్దలు ఆయనను ఆదరించారు. పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలన్నారు. బడి మొదలైంది. పెద్దింటి పిల్లలు వస్తున్నారు. పని బాగా సాగేలా ఉంది. సరిగ్గా అప్పుడే యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన ద్వారా పల్లెల్లో కదలిక వచ్చింది. పేరయ్యగారిది తాళ్లకొండపాడు. మాదిగ కులస్థుడు. తోళ్లు కొని అమ్ముకుంటూ ఊరూరా తిరిగే మనిషి. ఆయన 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. తన వాళ్ల దగ్గరికి కాలినడకన వెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు క్లౌ దొర దగ్గరికి వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు.

ఏం చేయాలి? ఒకవైపు పలుకుబడి, బడి, పట్టణం. ఇంకోవైపు ఊరి చివర గుడిసెల్లో ఉండేవాళ్లు. క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తీశారు. ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆ తర్వాత చెప్పుకున్నారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. లోకం లెక్కలోకి తీసుకోనివాళ్లనే దేవుడు పిలుచుకున్నాడని పౌలు అక్కడ అంటాడు. వాళ్లిద్దరూ నిర్ణయించుకున్నారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లను చేర్చుకున్నారు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు. పలుకుబడి పోయింది. ఆ రోజు లెక్క చూసినవాళ్లెవరైనా, క్లౌ దొర చేతికందినదాన్ని పోగొట్టుకున్నాడనే అని ఉంటారు.

రెండో సంగతి ఇంకా పెద్దది. 1876లో కరవు వచ్చింది. రెండేళ్లకు పైగా దక్షిణదేశాన్ని పీల్చి పిప్పిచేసిన కరవు. జనం ఊళ్లు వదిలి రోడ్లు పట్టారు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరకు వయసులో సర్వే పని చేసిన అనుభవం ఉంది. ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల కాలువ పని ఆయన కంట్రాక్టు తీసుకున్నారు. కూలి ఇచ్చి జనాన్ని బతికించడానికి. తన దగ్గరున్న బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలంతా పార, గంప. మట్టి తవ్వడం, గట్టు మీదికి మోయడం. ఎండకు తాళలేక జనం కాసేపు కూర్చుంటే బోధకుడు పక్కన కూర్చునేవాడు. కష్టసుఖాలు మాట్లాడేవాడు. ప్రభువు గురించి చెప్పేవాడు. వేలమంది విన్నారు. మేమూ చేరతాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

క్లౌ దొర ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

ఎందుకు? కూటి కోసం వస్తున్నారేమోనని. ఆకలి తీర్చిన చేతి నుంచే మతం పుచ్చుకుంటే, అది నమ్మకమో ఆకలో ఎవరికి తెలుస్తుంది? మనుషుల ఆకలిని ఆయన తన రిపోర్టుకు వాడుకోదలచలేదు. ఒక్కసారి ఊహించండి. పదిహేడేళ్లకు గుప్పెడుమంది చేరారని మూసేద్దామన్న పని అది. ఇప్పుడు వేలమంది గుమ్మంలో నిలబడ్డారు. అమెరికాకు ఒక్క ఉత్తరం రాస్తే చాలు, సంబరాలు చేసుకుంటారు. ఆయన మాత్రం ఆగండి అన్నారు. సంఖ్య పెరగడం కన్నా మనుషులతో నిజాయితీగా ఉండడం ఆయనకు ముఖ్యమైంది. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి గొప్ప విజయం ఆ పదిహేను నెలలే.

కరవు తగ్గింది. కాలువ పని అయిపోయింది. సాయం చేయడానికి ఇక డబ్బు లేదని తెలిసినా జనం వెనక్కి తగ్గలేదు. 1878 జూలై మూడో తేదీన గుండ్లకమ్మ ఒడ్డున, వెలంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు.

శ్రోతలారా, ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఇంతవరకూ వచ్చాక మనకు ఒక మాట అనాలనిపిస్తుంది. చూశారా, ఓపిక పట్టారు కాబట్టి చివరికి గెలిచారు అనాలనిపిస్తుంది. నేను ఆ మాట అనను. అంటే మళ్లీ పాత తక్కెడ దగ్గరికే వెళ్లినట్టు. 2,222 మంది వచ్చారు కాబట్టే జ్యూయెట్ దొర నమ్మకస్థుడయ్యారా? ఒక్కరూ రాకపోతే కాకుండా పోయేవారా?

డే దొరను గుర్తు చేసుకోండి. మొదట వచ్చి, నెల్లూరు వీధుల్లో నిలబడిన మనిషి. వెలంపల్లి చూడడానికి ఆయన లేరు. అంతకు ఏడేళ్ల ముందే, 1871లో, అమెరికాలో కన్నుమూశారు. ఆయనది ఓటమి అనగలమా? హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసవీరుల పేర్లు వరుసగా చెబుతారు. ఆ వరుస చివర ఏముందో తెలుసా? వాళ్లు వాగ్దానం నెరవేరడం చూడకుండానే వెళ్లిపోయారని ఉంది. ఆ మాట వాళ్లను తక్కువ చేసి చెప్పింది కాదు. వాళ్ల గొప్పతనంగానే చెప్పింది. పని మనది, లెక్క ఆయనది.

ఇంకో చోట యేసు ప్రభువు డెబ్బైమంది శిష్యులను ఊళ్లకు పంపిస్తాడు. వాళ్లు పొంగిపోతూ తిరిగొస్తారు. దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయంటారు. ఈ రోజుల్లో అయితే అది పెద్ద పోస్టరు వేయించుకునే విజయం. ప్రభువు వాళ్లను కసురుకోలేదు. కానీ సంతోషించాల్సింది అందుకు కాదన్నాడు. మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయి, దానికి సంతోషించండి అన్నాడు. ఇది లూకా సువార్త పదో అధ్యాయం. ఎంత దయగల మాట! వాళ్ల సంతోషాన్ని ఎవరూ లాక్కోలేని చోట భద్రం చేశాడు. ఇవాళ గెలుస్తాం, రేపు ఓడిపోతాం. మన పేరు మాత్రం ఆయన దగ్గర చెరిగిపోదు.

ఇప్పుడు మన సంఘాల్లోకి రండి. కృతజ్ఞతా కూడిక జరుగుతుంది. అబ్బాయికి వీసా వచ్చింది. అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కొత్త ఇల్లు కట్టారు. ముందుకు పిలిచి మైకు ఇస్తాం. సాక్ష్యం చెబుతారు. అందరం స్తోత్రం అంటాం. మంచిదే. అనాలి కూడా.

వెనక వరసలో ఒకావిడ కూర్చుని ఉంటుంది. పక్షవాతం వచ్చి మంచం పట్టిన అత్తగారికి ఏళ్ల తరబడి సేవ చేస్తున్న మనిషి. తెల్లవారుజామునే లేస్తుంది. ఒళ్లు తుడుస్తుంది. వీపు ఒరుసుకుపోకుండా అటూ ఇటూ తిప్పుతుంది. జావ కాచి చెంచాతో నోట్లో పోస్తుంది. సగం పెదవుల మీంచి కారిపోతుంది. తుడిచి మళ్లీ పోస్తుంది. ఆ పెద్దావిడ కోలుకోదు. డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. అంటే ఈ పనిలో చూపించుకోవడానికి ఫలితమంటూ ఏదీ రాదు. ఆవిడకు మైకు ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా, నాకేముందండీ చెప్పడానికి అంటుంది.

అమ్మా, మీరు రేడియో వింటుంటే ఈ మాట మీకే. చెప్పడానికి మీ దగ్గర చాలా ఉంది. మీకు అప్పగించిన మనిషిని మీరు వదిలిపెట్టలేదు. రోగంలో ఉన్నవాళ్లను చూడడానికి వెళ్లినవాళ్లు నన్నే చూడడానికి వచ్చారు అన్న అర్థంలో ప్రభువు మాట్లాడాడు. తలాంతుల ఉపమానం ఉన్న అధ్యాయంలోనే మాట్లాడాడు. మీ పేరు ఆయనకు తెలుసు.

పరీక్ష తప్పిన పిల్లలు ఎవరైనా వింటున్నారా? నాన్నా, నీ మార్కుల కాగితం నీ చదువులో ఒక ఏడాది గురించి చెబుతుంది. అంతే. నీ గురించి చెప్పదు. మళ్లీ రాయొచ్చు. ఇంకో దారి చూసుకోవచ్చు. మనసు బాగా బరువెక్కితే ఇంట్లోనో, టీచరు దగ్గరో, పాస్టరుగారి దగ్గరో నోరు తెరిచి చెప్పు. ఒంటరిగా మోయకు. తల్లిదండ్రులారా, ఫలితాలు వచ్చిన రోజున పిల్లల్ని మొట్టమొదట అడగాల్సింది మార్కులు కాదు. అన్నం తిన్నావా అని అడగండి. ముందు మీరు వాళ్లకు అమ్మా నాన్నలని తెలియనివ్వండి.

చిన్న సంఘం నడిపే పాస్టరుగారు ఎవరైనా వింటున్నారా? పక్క ఊరి సంఘం పెద్ద మందిరం కట్టుకుంది. మీ దగ్గర ఆదివారం పాతికమంది కూడా రారు. అయ్యగారూ, ఆ పాతికమందీ మీకు అప్పగించినవాళ్లు. వాళ్ల పిల్లల పేర్లు మీకు తెలుసు. వాళ్లలో ఎవరు పస్తులున్నారో మీకు తెలుసు. రెండు తలాంతులవాడికి ఐదు తలాంతులవాడి మెప్పే దొరికింది. మరిచిపోకండి.

సరే, రేపటి నుంచి ఏం చేద్దాం? నేను మిమ్మల్ని రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. రాత్రి పడుకునే ముందు వేసుకోండి. మొదటిది: ఈ రోజు నాకు అప్పగించింది ఏమిటి? పక్కింటివాళ్లకు అప్పగించింది కాదు, నాకు. రెండోది: అందులో నేను నమ్మకంగా ఉన్నానా? ఎవరూ చూడకపోయినా ఇలాగే చేసేవాడినా? ఈ రెండో ప్రశ్నకు అవునని చెప్పగలిగితే, ఆ రోజు మీకు విజయం. జేబులో ఎంత పడిందన్నది తర్వాతి సంగతి. లేదనిపిస్తే క్షమాపణ అడగండి. పొద్దున్నే లేచి మళ్లీ మొదలుపెట్టండి. ఆయన దగ్గర క్షమాపణ ఉంది.

మరొక్క పని కూడా చేయండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ సంఘంలో ఎన్నడూ మైకు పట్టుకోని ఒక మనిషి దగ్గరికి వెళ్లండి. రోజూ మందిరం ఊడ్చే ఆయన కావచ్చు, బండి మీద కూరలమ్మి పిల్లల్ని చదివించుకుంటున్న తల్లి కావచ్చు. మీరు చేస్తున్నది మేం చూస్తున్నాం, దేవునికి స్తోత్రం అని చెప్పండి. లోకం ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో వాళ్లకు ఆ మాట చెప్పాల్సిన బాధ్యత మనది. చెప్పి, సోమవారం ఎవరి పనికి వాళ్లం నమ్మకంగా వెళదాం.

పని మనది, లెక్క ఆయనది.